పాలిటెక్నిక్‌లో చేరే అమ్మాయికి 38 వేల లోపు ల్యాప్‌టాప్: ఏది తీసుకోవాలి?

#1 సుజాత_తెనాలి · శనివారం ఉదయం 9.12

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పది పాసై పాలీసెట్ రాసింది. గుంటూరులో డిప్లొమా కంప్యూటర్స్‌లో సీటు వచ్చింది, హాస్టల్లో ఉంటుంది. ల్యాప్‌టాప్ కావాలంటోంది. 35 వేలు అనుకున్నాం, తప్పదంటే 38 దాకా చూస్తాం, అంతకు మించి మావల్ల కాదు.

రెండు షాపులు తిరిగాం. ఒకాయన 24 వేలది చూపించి "చదువుకునే పిల్లకి ఇది చాలమ్మా, బ్యాగూ మౌసూ ఫ్రీ" అన్నాడు. ఇంకో షాపులో 36 వేలది చూపించారు. పెట్టెల మీదున్నవి రాసుకొచ్చాను. మొదటిది సెలెరాన్ ఎన్4500, 8 జీబీ, 128 ఈఎంఎంసీ. రెండోది రైజెన్ 3 7320యూ, 8 జీబీ, 512 ఎస్ఎస్‌డీ. ఈ నంబర్లు చూసి నాకైతే ఏమీ అర్థం కాలేదు. మా ఆయనేమో "అన్నీ ఫోన్లోనే అవుతున్నాయిగా, ఇప్పుడంత ఖర్చెందుకు" అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

#2 చిప్పులోడు · శనివారం ఉదయం 9.40

అక్కా, మొదటిది మాత్రం వద్దు. సెలెరాన్ ఎన్4500 అన్నది ప్రాసెసర్ పేరు, అందులో ఉన్నవి రెండే కోర్లు, అంటే పనిచేసే చేతులు రెండే అనుకో. బ్రౌజర్లో నాలుగు ట్యాబులు తెరిచి, పక్కన ఓ వీడియో పెడితే చాలు, ఆయాసపడుతుంది. ఈఎంఎంసీ అంటే ఫోన్లలో వాడే తరహా స్టోరేజీ. బోర్డుకి అతికించి ఉంటుంది, నిండితే మార్చడం కుదరదు. 128లో విండోస్, దాని అప్‌డేట్లే ఓ యాభై తినేస్తాయి. బ్యాగూ మౌసూ కలిపి 600 చేయవు, వాటిని చూసి కొనొద్దు.

రెండోది మొదటిదాని కంటే చాలా నయం గానీ అందులో ఓ తిరకాసుంది. ఆఫీసు పనిలో ఉన్నా, మధ్యాహ్నం రాస్తా.

#3 గేమర్_వైజాగ్ · శనివారం ఉదయం 10.05

ఆంటీ, ఇంకో 20 వేలు వేసుకుంటే ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ వస్తుంది, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు!!

#4 చిప్పులోడు · శనివారం ఉదయం 10.11

తమ్ముడూ, ఆవిడ 38 దాటదని చెప్పింది కదా. పైగా గేమింగ్ ల్యాప్‌టాప్ రెండు కేజీల పైనే ఉంటుంది, ఛార్జర్ బరువు వేరే. బస్సెక్కి ఊరికెళ్లొచ్చే పిల్లకి అది శిక్ష.

#5 లెక్కల_మాస్టారు · శనివారం మధ్యాహ్నం 12.30

అమ్మా, నేను పాలిటెక్నిక్‌లో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కంపెనీల సంగతి పిల్లలు చెబుతారు, చదువుకి ఏం కావాలో నేను చెబుతాను.

మొదటి ఏడాది దాదాపు ఏమీ అవసరం పడదు. గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, డ్రాయింగ్, వాటితోపాటు సి ప్రోగ్రామింగ్. కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ ఆ నీలం తెర టర్బో సి నడుస్తోంది, దానికి ఇరవై ఏళ్ల కిందటి మిషన్ అయినా సరిపోతుంది. అసలు బరువు రెండో ఏడాది నుంచి. జావా, డేటాబేస్, పైథాన్, వెబ్ పేజీలు వస్తాయి. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి సగం మంది ఆండ్రాయిడ్ యాప్ చేస్తామంటారు. ఆ యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియోకి ర్యామ్, అంటే పని జరిగేటప్పుడు వాడే మెమరీ, 8 జీబీ కనీసం ఉండాలి. దాంట్లోనే కంప్యూటర్ తెరమీద ఫోన్ని చూపించే ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 కావాలి. 8 మాత్రమే ఉన్నవాళ్లకి ఓ దారుంది. ఎమ్యులేటర్ మానేసి సొంత ఫోన్ని కేబుల్‌తో కలిపి అందులోనే యాప్ పరీక్షించుకోవచ్చు. మా పిల్లలు చాలామంది అలాగే గట్టెక్కారు.

డిప్లొమా మూడేళ్లు. తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతుంది, అది ఇంకో మూడేళ్లు. అంటే ఈ మిషన్ ఆరేళ్లు రాకపోయినా కనీసం నాలుగేళ్లు లాగాలి. అందుకే ఇవాళ ఎంత ర్యామ్ ఉందన్నది ఒకటే చూడకండి, రేపు పెంచుకునే వీలుందా అన్నది అడగండి.

మీవారి మాటకొస్తే, ఫోన్లో పాఠం వినొచ్చు, ప్రోగ్రామ్ రాయడం మాత్రం కష్టం. తప్పెక్కడుందో వెతుక్కుంటూ కీబోర్డు మీద గంటలు కూర్చుంటేనే అది వంటబడుతుంది. ల్యాబ్‌లో వారానికి దొరికే టైము అందుకు చాలదు.

#6 సుజాత_తెనాలి · శనివారం మధ్యాహ్నం 1.15

మాస్టారూ, చాలా థాంక్సండీ. మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. "సరే చూడు" అన్నారు, అదే పెద్ద విజయం. చిప్పులోడు గారూ, ఆ తిరకాసు ఏంటో చెప్పండి.

#7 చిప్పులోడు · శనివారం మధ్యాహ్నం 2.20

గారు ఎందుకక్కా, తమ్ముడూ అను.

రైజెన్ పేర్లలో 7 చూసి కొత్తదనుకుంటాం. ఆ మొదటి అంకె ఏ ఏడాది వరసో చెబుతుందంతే. లోపలి డిజైన్ ఏ తరానిదో మూడో అంకె చెబుతుంది. 7320లో అది 2, అంటే జెన్ 2, 2019 నాటి డిజైన్. 7520యూ కూడా ఇంతే, పేరులో రైజెన్ 5 అని ఉంటుంది గానీ లోపల అవే నాలుగు కోర్లు. అదే 7330యూ అయితే జెన్ 3, దానికంటే మెరుగు. అలాగని 7320యూ పనికిరాదని కాదు, వర్డు, బ్రౌజర్, చిన్న ప్రోగ్రాములకి చక్కగా నడుస్తుంది. అసలు గొడవ ర్యామ్‌తో. ఆ చిప్‌తో వచ్చే ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 8 కొంటే చచ్చేదాకా 8. మాస్టారు చెప్పిన ఆఖరి ఏడాదికి వచ్చేసరికి ఇబ్బంది.

ఇదే ధరలో ఇంటెల్ ఐ3-1215యూ దొరికితే అది చూడు. 2022 చిప్, ఆరు కోర్లు, చాలా మోడళ్లలో ర్యామ్‌కి కనీసం ఒక స్లాట్, అంటే ర్యామ్ ముక్క పెట్టే చోటు, ఉంటుంది. 1315యూ, కోర్ 3 100యూ కూడా ఆ కుటుంబమే, ఏది చవగ్గా వస్తే అది. ఐ3-ఎన్305 అని ఇంకోటి కనిపిస్తుంది, ఐ3 అన్న పేరు చూసి రెండూ ఒకటే అనుకోవద్దు. దాంట్లో ఉన్నవన్నీ కరెంటు తక్కువ తిని, నెమ్మదిగా పనిచేసే చిన్న కోర్లే. మరీ చెత్తేం కాదు గానీ, రెంటికీ ఒకే ధర చెబితే 1215యూ తీసుకో.

కొనేముందు మోడల్ నంబరు మొత్తం రాసుకో, చివరనుండే అక్షరాలతో సహా. ఒకే పేరుతో పది రకాలు అమ్ముతారు. ఆ నంబరుతో కంపెనీ సైట్లో మెమరీ దగ్గర చూస్తే ఎంత అతికించారో, స్లాట్ ఉందో లేదో రాసి ఉంటుంది.

#8 పాత_ఇనుము · శనివారం మధ్యాహ్నం 3.02

అందరూ కొత్తదే అంటున్నారు, నేను వేరే మాట చెప్తా. 38 వేలు ఎందుకు? కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్ కొనండి. థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో వరసగా షాపులున్నయ్, 20 వేలు, అటూ ఇటుగా దొరుకుతయ్. టీ480లో రెండు ర్యామ్ స్లాట్లు, రెండు బ్యాటరీలు, ఒకటి బయటికి ఊడదీసి మార్చుకోవచ్చు. కీబోర్డు అయితే, ఇవాళ మీరు కొనే 60 వేల ల్యాప్‌టాప్‌కి కూడా అట్లాంటిది రాదు.

ఒక్కటే షరతు. ఇంటెల్ 8వ తరం కంటే పాతది ముట్టుకోకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11కి 8వ తరం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇప్పుడు మార్కెట్లోకి 6, 7 తరాలవి గుట్టలుగా వచ్చి పడుతున్నయ్ అందుకే. 12 వేలకే ఐ7 అంటారు. ఆ ఐ7 పదేళ్ల కిందటిది.

#9 రిపేరు_బెజవాడ · శనివారం సాయంత్రం 6.48

నాది సర్వీసు షాపు, రోజూ ఇవే విప్పుతుంటాను. పాత_ఇనుము అన్న మాటతో సగం ఏకీభవిస్తాను. మిషన్లు నిజంగా గట్టివి. కానీ ఆవిడ తెనాలిలో, పిల్ల గుంటూరు హాస్టల్లో. సీటీసీలో కొని, రెండు నెలలకి బోర్డు పోతే సికింద్రాబాద్ ఎవరు తీసుకెళ్తారు? సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి చూసుకోవడం తెలియాలి. బ్యాటరీ చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్ ఇచ్చి స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఓ పేజీ తయారవుతుంది. కొత్తలో ఎంత కెపాసిటీ, ఇప్పుడెంత అన్నది అందులో ఉంటుంది. సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ ఖర్చు కూడా లెక్కేసుకోవాలి. బయోస్‌కి, అంటే మిషన్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాముకి, పాత కంపెనీ పాస్‌వర్డ్ ఉందేమో చూడాలి. ఇవన్నీ చూడగలిగినవాళ్లు ఎవరైనా పక్కనుంటే పాతది దివ్యంగా కొనొచ్చు. లేకపోతే ఏడాది వారంటీ ఉన్న కొత్తదే మేలు.

ఇక కొత్త చవక ల్యాప్‌టాప్‌లలో నా టేబుల్ మీదికి ఎక్కువగా వచ్చేది ప్రాసెసరో ర్యామో కాదు, విరిగిన హింజి. ఎలా విరుగుతుందో చెబుతాను. తెరని పట్టుకునే ఇనుప హింజి బిగువుగా ఉంటుంది. దాన్ని బిగించిన స్క్రూలు కిందున్న ప్లాస్టిక్‌లో కూర్చోబెట్టిన బుడ్డి ఇత్తడి నట్లలోకి వెళ్తాయి. పిల్లలు తెరని ఒక మూల పట్టుకుని, ఒక చేత్తో సర్రున లేపుతారు. ఆ బలమంతా ఒకవైపు నట్ల మీదే పడి ప్లాస్టిక్ పగులుతుంది, నట్టు ఊడి వచ్చేస్తుంది. ముందు మూల దగ్గర సన్న సందు కనిపిస్తుంది, పట్టించుకోరు. తర్వాత ఓ రోజు తెర కేబుల్‌తో సహా నా దగ్గరికి తెస్తారు. తెరని ఎప్పుడూ మధ్యలో పట్టుకుని, రెండో చెయ్యి కింద ఆనించి తియ్యమనండి. షాపులో చూసేటప్పుడు మూత నాలుగైదు సార్లు తెరిచి మూసి చూడండి. కీబోర్డు మధ్యలో వేలితో నొక్కితే మరీ దిగబడుతోందా చూడండి. షోకేసులో వెలుగుతున్న తెరని చూసి మోసపోవద్దు, కిటికీ పక్కకి తీసుకెళ్లి పక్క నుంచి చూడండి. చవకవాటిలో 250 నిట్స్ (తెర వెలుగు కొలత) తెరలే వస్తాయి, ఎండ వెలుతురులో మసకగా ఉంటాయి, దానికి చేసేదేం లేదు. కానీ ఐపీఎస్ రకం కాకుండా టీఎన్ రకం తెర అంటగడితే మాత్రం వద్దనండి. కొంచెం వంచగానే రంగులు నల్లగా మారిపోతాయి.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. కొన్నాక షాపు కుర్రాడు "నేనే సెట్ చేసిస్తానమ్మా" అని తన మెయిల్‌తో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పెట్టేస్తాడు. విండోస్ 11 చాలా మిషన్లలో డిస్కుని దానంతట అదే లాక్ చేసి, ఆ తాళం, అంటే 48 అంకెల రికవరీ కీ, ఏ అకౌంట్‌తో లాగినయ్యారో అందులో దాస్తుంది. ఎప్పుడో బయోస్ అప్‌డేట్ అయ్యాకో, బోర్డు మార్చినప్పుడో ఆ కీ అడుగుతుంది. అప్పటికి ఆ కుర్రాడు ఆ షాపులో ఉండడు. ప్రాజెక్టు ఫైళ్లన్నీ గోవిందా. అమ్మాయి మెయిల్‌తోనే చేయించండి, ఆ కీని కాగితం మీద రాసి మీ బీరువాలో పెట్టండి.

#10 గేమర్_వైజాగ్ · శనివారం సాయంత్రం 7.05

అన్నా, నా ల్యాపీకి కుడి మూల సందు కనిపిస్తోంది, అదేనా ఇది? 😟

#11 రిపేరు_బెజవాడ · శనివారం సాయంత్రం 7.09

అదే. ఇక తెరిచి మూయడం ఆపి, వెంటనే దగ్గర్లో చూపించు. ఇప్పుడైతే గమ్ముతోనో ఎపాక్సీతోనో పోతుంది.

#12 డాలస్_బావ · శనివారం రాత్రి 8.30

ఆగస్టులో ఇండియా వస్తున్నాను, కావాలంటే ఇక్కడి నుంచి తెస్తాను, సేల్లో చవగ్గా ఉంటాయి. 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.

#13 చిప్పులోడు · శనివారం రాత్రి 8.52

బావగారూ, మంచి మనసు. కానీ చవక మోడళ్లకి వారంటీ చాలావరకు కొన్న దేశంలోనే చెల్లుతుంది. ఇక్కడ పాడైతే అక్కడికి పంపాలి. పైగా కాలేజీ ఆగస్టు దాకా ఆగదు. ఖరీదైన మోడల్ అయితే లెక్క వేరు.

#14 నిర్వాహకుడు · శనివారం రాత్రి 9.10

వాట్సాప్ నంబరు పెట్టి "సీల్డ్ పీస్ 19 వేలకే" అంటూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఇక్కడ అమ్మకాలు కుదరవు. ఎవరైనా ప్రైవేటు మెసేజీ పంపి అడ్వాన్సు అడిగితే నాకు చెప్పండి.

#15 వనజ_నల్గొండ · ఆదివారం ఉదయం 7.45

సుజాత అక్కా, మేమందరం మాట్లాడుతున్నాం గానీ, వాడేది అమ్మాయి. తనని అడిగావా ఏం కావాలని? మా బాబుకి వాళ్ల నాన్న ముచ్చటపడి 15.6 అంగుళాలది కొన్నాడు. అది వాడి కాలేజీ బ్యాగులో పట్టదు. ఇంట్లోనే ఉంటుంది, వాడు ఫ్రెండ్ దాంట్లో చేసుకుంటాడు.

#16 సుజాత_తెనాలి · ఆదివారం ఉదయం 10.20

అడిగాను వనజా. నేను అనుకున్నవి ఒక్కటీ చెప్పలేదు! తనకి కావాల్సినవి ఇవి. బరువు తక్కువ ఉండాలి, ప్రతి శనివారం బస్సులో వస్తుంది కాబట్టి. హాస్టల్లో పదికల్లా లైట్లు ఆర్పేస్తారట, సీనియర్ చెప్పింది. అందుకని కీబోర్డు కింద లైటు ఉండాలట. గదికి నలుగురు, ప్లగ్గులు రెండే, అందుకని బ్యాటరీ ఎక్కువసేపు రావాలట. హాస్టల్ వైఫై పేరుకే ఉందట, నెట్ లేకపోయినా పనిచేయాలట. ఇవన్నీ 38లో వస్తాయా?

#17 చిప్పులోడు · ఆదివారం ఉదయం 11.05

సూపర్ అక్కా, షాపువాడి కంటే మీ పాప బాగా అడిగింది.

14 అంగుళాలది చూడండి, కేజీన్నర లోపు ఉంటుంది. కీబోర్డు లైటు చవకవాటిలో కొన్నిటికే ఉంటుంది, దానికోసం ప్రాసెసర్ తగ్గించుకోవద్దు. దొరక్కపోతే 300కి యూఎస్‌బీ లైటు వస్తుంది. బ్యాటరీకి గంటల లెక్క నమ్మొద్దు, వాట్ అవర్లు (బ్యాటరీ కెపాసిటీ కొలత) ఎన్నో చూడండి. 40 ఉంటే పర్లేదు, 50 ఉంటే బాగుంది. యూఎస్‌బీ-సితో ఛార్జింగ్ అయ్యేదైతే మంచిది, ఛార్జర్ మర్చిపోయినా రూమ్మేట్‌ది పనికొస్తుంది.

నెట్ లేని సంగతి ముఖ్యమైనది. క్రోమ్‌బుక్ (విండోస్ బదులు గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచేది) ఎవరైనా చూపిస్తే వద్దనండి, నెట్ లేకుంటే దాంతో సగం పనే అవుతుంది, కాలేజీ సాఫ్ట్‌వేర్లు చాలావరకు విండోస్‌వే. పెట్టె మీద ఆఫీస్ అని ఉంటే, ఎప్పటికీ ఉండే ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్, ఆఫీస్ హోమ్ లాంటిదా, లేక ఏడాది తర్వాత డబ్బు కట్టాల్సిన 365నా అడగండి. డాస్ అని రాసి ఉన్నవి వెయ్యో రెండు వేలో తక్కువకి వస్తాయి, వాటిలో విండోస్ ఉండదు. షాపువాడు వేసిచ్చే దొంగ విండోస్ వద్దు.

#18 లెక్కల_మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 12.10

యాంటీవైరస్‌కి కూడా డబ్బు పెట్టకండమ్మా. విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు. షాపులో 900 తీసుకుని సీడీ కవరు చేతిలో పెడతారు, ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే ఉండదు.

#19 పాత_ఇనుము · ఆదివారం మధ్యాహ్నం 12.40

అదీ, ఇన్ని రాజీలు పడి 38 పెట్టే బదులు టీ480 తీసుకుంటే కీబోర్డు లైటు, ర్యామ్, బ్యాటరీ అన్నీ వస్తయ్ గదా! మిగిలిన 15 వేలు బ్యాంకులో వేసుకోవచ్చు.

#20 రిపేరు_బెజవాడ · ఆదివారం మధ్యాహ్నం 1.00

అన్నా, నువ్వు పక్కనుండి కొనిపిస్తానంటే నేనూ అదే కొనమంటాను. ఆవిడ ఒంటరిగా వెళ్లి కొనాలి, అదీ తేడా.

#21 వనజ_నల్గొండ · ఆదివారం సాయంత్రం 4.30

ధర గురించి ఒక మాట. నో కాస్ట్ ఈఎంఐ అంటారు గానీ పూర్తిగా ఊరికే కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంతమేర అమ్మేవాడు ముందే డిస్కౌంట్ ఇస్తాడు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మనమే కట్టాలి. వడ్డీ 2,000 అయితే 360, ప్రాసెసింగ్ ఫీజు వేరే. పెద్ద మొత్తం కాదులే, తెలిసి కట్టడం మంచిది. అదే కార్డు మీద ఒకేసారి కడితే ఇంకా ఎక్కువ తగ్గింపు ఉంటుందేమో అడుగు.

#22 చిప్పులోడు · ఆదివారం సాయంత్రం 5.15

అవును, ధర మాటొచ్చింది కాబట్టి. దసరా సేల్ దాకా ఆగుదాం అని ఎవరైనా అంటే మామూలుగా నేనూ సరేననేవాణ్ణి. ఈసారి కాదు. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్లకే మెమరీ చిప్పులు ఎక్కువగా వెళ్లిపోతున్నాయి, ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి. ముందు 8తో కొని "తర్వాత చవగ్గా ఇంకో 8 వేద్దాం" అనే పాత లెక్క ఇప్పుడంత తేలిక కాదు. అయినా స్లాట్ ఉన్నదే కొను అక్కా. రెండో ఏడాదికి ధర దిగితే వేసుకోవచ్చు, దిగకపోతే మాస్టారు చెప్పిన కేబుల్ పద్ధతి ఉంది. స్లాటే లేకపోతే ఆ అవకాశమే ఉండదు.

#23 సుజాత_తెనాలి · మంగళవారం రాత్రి 9.35

కొనేశామండీ! గుంటూరు వెళ్లాం. ఐ3-1315యూ, 14 అంగుళాలు, 8 జీబీ బోర్డు మీద, ఒక స్లాట్ ఖాళీ, 512 ఎస్ఎస్‌డీ, 47 వాట్ అవర్ల బ్యాటరీ, ఛార్జింగ్ యూఎస్‌బీ-సి. 37,800 పడింది. కీబోర్డు లైటు లేదు, పాప కాసేపు మూతి ముడుచుకుంది, ఆ 300 లైటు కొనిచ్చాక సరేనంది. మోడల్ నంబరు అడిగితే సేల్స్ అబ్బాయి "మీరు కంప్యూటర్ల ఫీల్డా మేడమ్" అన్నాడు 😄 తెర కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాం. అకౌంట్ పాపే చేసుకుంది, కీ రాసి బీరువాలో పెట్టాను.

ఒక సందేహం. 2,400 కడితే కింద పడినా, నీళ్లు పడినా బాగు చేసే ప్లాన్ ఇస్తామన్నారు. వద్దని వచ్చేశాం. తప్పు చేశామా?

#24 రిపేరు_బెజవాడ · మంగళవారం రాత్రి 9.58

మంచి పని చేశారు, మిషన్ బాగుంది. ఆ ప్లాన్ సంగతి, కంపెనీదా షాపుదా అన్నది ముందు చూడండి. కంపెనీది అయితే కొన్న తర్వాత కూడా కొన్నాళ్లలోపు సైట్లో సీరియల్ నంబరు కొట్టి తీసుకోవచ్చు, గడువు ఎంతో అక్కడే ఉంటుంది. నలుగురున్న హాస్టల్ గది, మంచినీళ్ల సీసా పక్కనే పెట్టుకుని చదివే పిల్లలు, నేనైతే తీసుకుంటాను. బోర్డు మీద నీళ్లు పడితే బాగుచేయడానికి దానికి నాలుగైదు రెట్లు అవుతుంది. షాపు వాళ్ల సొంత ప్లాన్ అయితే వదిలేయండి. దొంగతనానికి మామూలుగా ఏదీ వర్తించదు, గదికి తాళం మీ పని.

అదే సైట్లో వారంటీ మొదలైన తేదీ కూడా చూడండి. బిల్లు తేదీ కంటే ముందుంటే బిల్లు పంపి సరిచేయించుకోవాలి.

#25 సుజాత_తెనాలి · బుధవారం ఉదయం 8.20

చూశాను తమ్ముడూ. మూడు నెలల ముందు తేదీ ఉంది! బిల్లు ఫోటో పంపాను, రెండు మూడు రోజుల్లో మారుస్తామని మెయిల్ వచ్చింది. ప్లాన్ కంపెనీదే, తీసుకుంటున్నాం.

#26 కొత్తసభ్యుడు_ఒంగోలు · బుధవారం ఉదయం 11.02

నమస్తే, మా తమ్ముడు బీకామ్ కంప్యూటర్స్, ట్యాలీ, ఎక్సెల్ చాలు. 25 వేలు. ఏది కొనాలి?

#27 పాత_ఇనుము · బుధవారం ఉదయం 11.04

టీ480.

#28 నిర్వాహకుడు · బుధవారం ఉదయం 11.30

😄 ఒంగోలు గారూ, విడిగా కొత్త చర్చ మొదలుపెట్టండి, అందరూ అక్కడికే వస్తారు.